ఒక్క చుక్క, ఒక గాజు స్లైడు

తెల్లబట్ట అవుతోంది, దురద ఆగట్లేదు అంటే ముందుగా వినబడే మాట ‘వేడి చేసింది’. సబ్జా నీళ్లు, మజ్జిగ అయ్యాక భర్తను మెడికల్ షాపుకు పంపుతారు. షాపతను ఫ్లూకొనజోల్ 150 మాత్ర ఒకటి ఇస్తాడు. ఫంగస్ అయితే అది మంచి మందే. కాకపోతే?

2002లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఫంగస్ మందు సొంతంగా కొనుక్కున్న 95 మంది ఆడవాళ్లను పరీక్షించారు. ఫంగస్ మాత్రమే ఉన్నది మూడోవంతు మందికి. కొందరికి బాక్టీరియా, కొందరికి ఒకటికి మించిన ఇన్ఫెక్షన్లు. ఇంకొందరికి ఏ ఇన్ఫెక్షనూ లేదు.

ఫంగస్ అయితే విపరీతమైన దురద, మంట, విరిగిన పాలలా గడ్డకట్టిన తెల్లబట్ట. వాసన పెద్దగా ఉండదు. పల్చగా, బూడిద రంగులో, చేపల వాసనతో అయితే అది బాక్టీరియా పని. దానికి మెట్రోనిడజోల్ లాంటి మందు కావాలి. అయితే లక్షణాలను మాత్రమే నమ్ముకుంటే పొరబడే అవకాశం ఎక్కువ.

తేల్చే పరీక్ష చాలా చిన్నది. దూదిపుల్లతో తీసిన స్రావాన్ని గాజు స్లైడు మీద రాసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తారు. చర్మకణాలు కరిగిపోతాయి, ఫంగస్ కరగదు. మైక్రోస్కోప్ కింద మొగ్గ తొడిగిన గుండ్రటి కణాలు, వాటి మధ్య సన్నటి పోగులు కనిపిస్తాయి. ఒక్కోసారి ఫంగస్ ఉన్నా స్లైడులో దొరకదు. అప్పుడు కల్చర్‌కు పంపాలి. నిమిషాల్లో అయ్యే ఈ పనిని ఓపీ రద్దీ పేరుతో ఎగ్గొట్టడం ఆడవాళ్లకు చేసే అన్యాయమే. ల్యాబ్ లేనిచోట ప్రభుత్వ సురక్ష క్లినిక్‌ల ఆకుపచ్చ కిట్ నయం: అందులో బాక్టీరియాకు సెక్నిడజోల్, ఫంగస్‌కు ఫ్లూకొనజోల్ రెండూ ఉంటాయి.

మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ చూపించుకోవాలి. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్ వాడే ఆడవాళ్లకు మరో సంగతి చెప్పాలి. ఆ మందు చక్కెరను మూత్రంలోకి పంపేస్తుంది, అక్కడ ఫంగస్‌కు మేత దొరుకుతుంది. మందు రాసేటప్పుడే ఈ ఒక్క ముక్క చెబితే ఎంత బాధ తప్పుతుందో! అలాగని సొంతంగా మానేయకూడదు, డాక్టరుకు చెప్పాలి. ఏడాదిలో మూడుసార్లు పైబడితే, మొదటి విడత చికిత్స అయ్యాక వారానికో ఫ్లూకొనజోల్ చొప్పున ఆరు నెలలు ఇస్తారు.

గర్భిణులకు మాత్రం ఈ నోటి మాత్ర వద్దు. డాక్టరు సలహాతో క్లోట్రిమజోల్ క్రీము గానీ, లోపల పెట్టుకునే మాత్ర గానీ ఏడు రాత్రులు వాడాలి. రెండో రోజుకే దురద తగ్గినా ఏడూ పూర్తి చేయాలి.