పులస – విలస: జన్యుచిహ్నం చెప్పేదెంత?

హైటెక్ సిటీ మేడల మీద నుండి చూచినా సముద్రం కనబడదు. అయినా సముద్రపు చేపల రక్షణకు పనికివచ్చే ఒక సాధనం హైదరాబాదులోనే పుట్టింది. చిన్న మాంసపు ముక్కలోని డి.ఎన్.ఏ.ను బట్టి వెన్నెముక గల జంతువు ఏ జాతిదో తేల్చే పద్ధతిని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు వర్మ, లాల్జీసింగ్ 2003లో ప్రకటించారు. ఇందులో పరిశీలించేది మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్-బి జన్యువు.

జాతిని గుర్తించే పరీక్షల మేలు గొప్పది. 2001లో చట్టరక్షణ పొందిన తిమింగల సొరను ముక్కలుగా కోసి అమ్మినా దొంగతనం దాగదు.

కాని జాతి పేరు తెలిసినంత మాత్రాన రక్షణ పూర్తి అవుతుందా? పులసనే చూడండి. సముద్రంలో అది విలస. వరదనీటిలో గోదావరికి ఎదురీదితే పులస. పేర్లు రెండైనా జాతి ఒక్కటే. పరీక్ష కూడ ఆ మాటే చెప్పుతుంది. మనకు కావలసిన ప్రశ్న వేరు: గోదావరికి వచ్చే మంద, గంగకు పోయే మంద ఒకటేనా? వేరైతే, ధవళేశ్వరం ఆనకట్ట అడ్డుపడి గోదావరి మంద క్షీణించినప్పుడు ఆ లోటును గంగ చేపలు తీర్చవు.

దీనికి మైక్రోశాటిలైట్లు, అనగా ఒకే వరుస పలుమార్లు తిరిగివచ్చే డి.ఎన్.ఏ. భాగాలు, ఉపయోగిస్తాయి. మైటోకాండ్రియా తల్లి వంశాన్నే చెప్పుతుంది. ఇవి తల్లిదండ్రులిద్దరి నుండీ వస్తాయి. సముద్రంలో గోడలుండవు గనుక మందల మధ్య భేదాలు తరచు స్వల్పం. అందుచేత అనేక చిహ్నాలను, అనేక చేపలలో పరీక్షించాలి. నాలుగు చిహ్నాలు చూచి “భేదం లేదు” అనరాదు; “భేదం కనబడలేదు” అనవలె.

తక్కెడతో పొడవు కొలవలేము. అది తక్కెడ దోషం కాదు.