కంటిపాప తెల్లగా మెరిస్తే

అరుదైన జబ్బును పట్టుకోవడం పెద్దాసుపత్రుల పనే అనుకుంటాం. రెటినోబ్లాస్టోమా అనే పసిపిల్లల కంటి క్యాన్సర్ విషయంలో ఆ పని ఇంట్లోనే మొదలవుతుంది. సుమారు 15 నుంచి 20 వేల జననాలకు ఒకరికి వచ్చే ఈ జబ్బు ఎక్కువగా ఐదేళ్లలోపే బయటపడుతుంది. వదిలేస్తే కంటినరం వెంట మెదడుకు పాకుతుంది. ఫ్లాష్‌తో ఫొటో తీసినప్పుడు ఎర్రగా కనిపించాల్సిన కంటిపాప తెల్లగా మెరవడం దీని ముఖ్య లక్షణం. ఫొటోలో మచ్చ కనిపిస్తే చెరిపేయడం ఫిల్మ్‌నగర్ పనితనం. అక్కడికి దగ్గర్లోనే బంజారాహిల్స్‌లో, ‘మనదేశం’ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలం, విరాళంతో 1987లో మొదలైన కంటి ఆసుపత్రిలో డాక్టర్లకు అలాంటి మచ్చే ఆధారమవుతుంది.

చాలా క్యాన్సర్లను ముక్క తీసి పరీక్షించి నిర్ధారిస్తారు. ఇక్కడ సూది గుచ్చితే క్యాన్సర్ కణాలు కంటి బయటికి చేరే ప్రమాదం ఉంది. అందుకే చుక్కలు వేసి, మత్తిచ్చి, కంటి లోపలికి నేరుగా చూస్తారు; గడ్డలో సున్నం పేరుకుందేమో అల్ట్రాసౌండ్‌లో, నరం దాకా పాకిందేమో ఎమ్మారైలో వెతుకుతారు. అంటే నిర్ధారణ అంతా చూపు మీదే నడుస్తుంది. ఆ చూపు ఎంత ముందు పడితే అంత మేలు: గడ్డ కంట్లోనే ఉండగా పట్టుకుంటే ప్రాణం దాదాపు ఖాయంగా దక్కుతుంది, చాలాసార్లు కన్నూ దక్కుతుంది. కానీ రెండో కన్ను పనిచేస్తుంటే బిడ్డ ఏమీ చెప్పదు; మరో లక్షణమైన మెల్లకన్నును మనం అదృష్టమని మురిసిపోతాం. కాబట్టి టీకాకు తెచ్చిన ప్రతిసారీ కంటిపాపలోకి లైటు వేసి చూడటం తప్పనిసరి కావాలన్నది నా వాదన.

ఇంత అరుదైన జబ్బు కోసం అందరినీ పరీక్షించాలా అనవచ్చు. ఈ పరీక్షకు చేతిలో పట్టే పరికరం, నేర్చిన కన్ను, ఓ నిమిషం చాలు. ఆలస్యమైతే చూపు పోగొట్టే పుట్టుశుక్లమూ దీంతోనే దొరుకుతుంది. ఫొటోలు చూసి తల్లిదండ్రులు అనవసరంగా భయపడతారన్నది ఇంకో అభ్యంతరం. నిజమే, బిడ్డ కాస్త పక్కకు చూసినా తెల్లటి మెరుపు రావచ్చు. అందుకే ఫొటోను తీర్పుగా కాక, కంటి డాక్టర్‌ను కలవడానికి కారణంగానే తీసుకోవాలి. ఫొటో బాగుందని నిశ్చింతగా ఉండటమూ తగదు. ఉత్త భయమైతే ఒక్క పరీక్షతో తీరిపోతుంది. ఆలస్యం మాత్రం అలా తీరేది కాదు.