గాలి కొట్టిన ఫిల్టరు

రాత్రి వీధిలో లారీ పోతుంటే పడక మీద నుంచే "వీడి టర్బో పోయింది" అనేవాణ్ని. "ఇంట్లో మిక్సీ మూడు నెలలుగా మూలుగుతోంది, అది మాత్రం వినపడదు" అనేది మా ఆవిడ.

రామగుండంలో ఓపెన్‌కాస్టు గని 1975లో మొదలైంది. నేను చేరేనాటికి బొగ్గు మీది మట్టి తీసే పని కాంట్రాక్టర్లూ చేస్తున్నారు. అలాంటి ఒకరి దగ్గర 60 టన్నుల డంపర్లకు ఫిట్టర్ని. మే నెలలో పానాను తడిగుడ్డతో తప్ప పట్టుకోలేం. స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద, పిడి చెవికి ఆనించి లోపలి సంగతి చెప్పేవాణ్ని. "అన్న చెవే మిషను" అనేవాళ్లు కుర్రాళ్లు. నేనూ నమ్మాను.

నా 30 ఏళ్లలో నా చేతుల మీదుగా పోయిన పెద్ద ఇంజన్ మాత్రం చప్పుడు చేయకుండా పోయింది.

ఆయిల్ రిపోర్టులో సిలికాన్ ఎక్కువుందని వచ్చింది. సిలికాన్ అంటే దుమ్మే. ఎయిర్ ఫిల్టరు విప్పి చూశా, తెల్లగా ఉంది. శబ్దమూ బాగుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నా. నెలన్నరకు నీలం పొగ మొదలైంది. హెడ్ విప్పితే లైనర్లు అద్దంలా మెరుస్తున్నాయి. చూడ్డానికి ముచ్చటే గానీ, కొత్త లైనరుకు లోపల అడ్డదిడ్డంగా సన్నటి గీతలుంటాయి, నూనె నిలిచేది వాటిలోనే. ఒక్క గీత మిగల్లేదు. రింగులు బ్లేడులా పలచబడ్డాయి.

ఫిల్టరు పట్టుకుని స్టోరు గదిలోకి వెళ్లి, తలుపు మూసి, లోపల బల్బు పెట్టా. కాగితం మడతల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా బయటికొచ్చింది. జల్లెడ! ఫిల్టరు దులపడానికి కొట్టే గాలి 30 పీఎస్‌ఐ దాటనివ్వొద్దని మాన్యువల్లో ఉంది. మేం కంప్రెసర్ పూర్తిగా తిప్పి, నాజిల్ కాగితానికి ఆనించి కొట్టేవాళ్లం. దుమ్ము ఎగిరిపోతుంటే పని చేసినట్టు ఉండేది మరి. లోపలి సేఫ్టీ ఫిల్టరు స్టోరులో లేదంటే పాతదాన్నే తట్టి బిగించాం. తట్టింది నేనే.

కుర్రాళ్లకు మాత్రం "దుమ్ము తిన్నది" అని ఊరుకున్నా. ఎవరు తినిపించారో చెప్పడానికి రెండేళ్లు పట్టింది.

మొన్న మా అబ్బాయి కారు ఫిల్టరుకు గాలి కొట్టించుకొచ్చాడు. "కొత్తదానిలా ఉంది నాన్నా" అన్నాడు. లైటు ఆర్పమన్నా. టార్చి తెమ్మన్నా.