ఎసరు దించని ఇల్లు

వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి ప్రస్తావన వస్తే చాలామంది బ్రిటిష్ చక్రవర్తి ఏడో ఎడ్వర్డ్ దగ్గరే మొదలుపెడతారు. చక్రవర్తి పట్టాభిషేక వేడుకకు ఆహ్వానం రావడం, ఆవిడ రానని చెప్పడం, చివరికి ఫోటో పట్టుకెళ్ళి అక్కడ కుర్చీలో పెట్టడం. చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ, అందులో ఆవిడ పనికి వచ్చిన పేరుందే తప్ప ఆవిడ పని లేదు. ‘అపర అన్నపూర్ణ’ బిరుదుతోనూ ఇదే చిక్కు. దేవతను చేశాక పొయ్యి పొగ ఎవరికీ కనబడదు.

ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి భవానీశంకరం గారు అడిగినవాడికల్లా అన్నం పెట్టి ఊళ్ళో ‘బువ్వన్న’ అనిపించుకున్నారు. చిన్నతనంలోనే తల్లి పోవడంతో వంటిల్లు సీతమ్మ గారి చేతికొచ్చింది. ఓ మిట్టమధ్యాహ్నం భోజనానికి ఆగిన జోగన్న పంతులు గారు ఆ పిల్ల మర్యాద చూసి పెళ్ళాడతానన్నారట. సంబంధం విస్తరి ముందే కుదిరిందన్నమాట.

అత్తవారి ఊరు లంకల గన్నవరం, వైనతేయ గోదావరి ఒడ్డున. ఆ రోజుల్లో అంతర్వేది నరసింహస్వామి తీర్థానికి వెళ్ళే జనానికి అది దారి. వరదొస్తే పడవ రేవులోనే ఆగిపోయేది, ఎదురుగాలి పడితే పొద్దుగూకాక గానీ ఒడ్డుకు చేరేది కాదు. అందుకని అక్కడికొచ్చే ఆకలికి వేళాపాళా ఉండేది కాదు. పూటకూళ్ళ ఇల్లయితే తలుపు మూసుకుంటుంది. ఈ ఇల్లు మూసుకోలేదు.

ఇందులో ఉన్న పనితనం వండేవాళ్ళకు తెలుస్తుంది. నలుగురికి వండడానికి లెక్క చాలు, ఎంతమందో తెలియని వాళ్ళకు వండాలంటే అంచనా కావాలి. ఎక్కువైతే తెల్లారేసరికి చద్ది, తక్కువైతే పడుకోబోయే వేళ మళ్ళీ పొయ్యి రాజెయ్యాలి, అదీ వానాకాలంలో తడి కట్టెలతో. అందుకే నిత్యం అన్నం పెట్టే ఇళ్ళలో జాడీలో పచ్చడి, దుత్తలో మజ్జిగ, నిప్పుల మీద ఎసరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. వచ్చినవాడు నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని కాసేపు అరుగు మీద నడుం వాల్చేలోగా బియ్యం పోసి, వార్చి, ఆకు వేసెయ్యవచ్చు.

వడ్డన ఇంకో విద్య. మొహమాటస్థుడు రెండో మారుకే ఆకు మీద చెయ్యి అడ్డం పెడతాడు. అనుభవమున్నవాళ్ళు ఆ చెయ్యిని నమ్మరు, కలిపే వేగం చూస్తారు. ముద్దలు ఇంకా చకచకా పోతున్నాయంటే కడుపు నిండలేదన్నమాటే. మరి కాస్త వేసి, మారు మాట్లాడకుండా పక్క విస్తరికి జరిగిపోతారు. నలభై ఏళ్ళ పైచిలుకు రోజూ చేస్తే ఇది పనిలా కనిపించడం మానేస్తుంది, మనం గుర్తించనిది అందుకే.

ఇక భక్తి సంగతి. ఓసారి ఆవిడ అంతర్వేది స్వామిని చూడాలని బయల్దేరారు. దారిలో ఓ పెళ్ళిబృందం ఎదురైంది. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, ‘ఇంకాసేపట్లో సీతమ్మ గారింటికి చేరతాం, ఊరుకోండి’ అని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారట. అది చెవిన పడగానే వాళ్ళకంటే ముందు ఇల్లు చేరాలని ఆవిడ వెనక్కి తిరిగారు. స్వామి దర్శనం ఆగిపోయింది. మరో రాత్రి వరదలో లంక మీద చిక్కుకున్న ఓ దళితుడి ఆకలి కేక విని, భర్తను పడవలో అన్నమిచ్చి పంపారని చెబుతారు. మడీ ఆచారం గట్టిగా ఉన్న ఆ కాలపు బ్రాహ్మణ ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. చక్రవర్తి కుర్చీ కథ కంటే నాకు ఇవి రెండూ ఎక్కువ.

ఆవిడ 1909లో కన్నుమూశారు. గన్నవరంలో వైనతేయ మీదుగా కాలువను దాటించే కొత్త అక్విడక్టుకు ఆవిడ పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆ పేరే వచ్చింది. బడిలో వండే ఆడవాళ్ళకు ఎన్ని బియ్యం పొయ్యాలో పొద్దుటి హాజరు పట్టీ చెబుతుంది. సీతమ్మ గారికి ఆ వెసులుబాటు లేదు.