నేలమాళిగ నుంచి వచ్చిన రచయిత: హెచ్.జి. వెల్స్

వైజ్ఞానిక కల్పనా సాహిత్యానికి ఆద్యుల్లో ఒకరిగా హెచ్.జి. వెల్స్‌ను (1866–1946) మీరు ఇదివరకే గుర్తించి ఉంటారు. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో సంపర్క తరగతులు చెప్పిన రోజుల్లో నేను దిద్దిన జవాబుల్లో ఒక వాక్యం తరచు కనిపించేది: ‘వెల్స్ పేద కుటుంబంలో పుట్టాడు కాబట్టి శ్రామికుల పక్షాన రాశాడు.’ ఆ ‘కాబట్టి’ దగ్గర కొంచెం ఆగండి.

వెల్స్ తండ్రి తోటమాలిగా పనిచేసి, తర్వాత పింగాణీ సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. అది సాగలేదు. తల్లి అప్‌పార్క్ అనే పెద్ద భవంతిలో నౌకర్ల మీద పెత్తనం చేసే ఉద్యోగానికి కుదిరింది. పద్నాలుగేళ్ళ వెల్స్‌ను సౌత్‌సీలో బట్టల దుకాణంలో పనికి పెట్టారు. రోజుకు పదమూడు గంటల చాకిరీ. రెండేళ్ళకు బయటపడి, 1884లో ఉపకారవేతనంతో లండన్‌లో హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదివాడు. డిగ్రీ అప్పుడు చేతికి రాలేదు. 1890లో లండన్ విశ్వవిద్యాలయానికి బయటి అభ్యర్థిగా పరీక్ష రాసి బి.ఎస్‌సి. తెచ్చుకున్నాడు. ఆ కాలంలోనే ఒక కరస్పాండెన్స్ కళాశాలలో పాఠాలు కూడా చెప్పాడు. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చదువుతున్న మీకు ఈ సంగతి చెప్పకుండా ఉండలేను.

ఇక 1895లో వచ్చిన ‘ది టైమ్ మెషిన్’. క్రీ.శ. 802701కి వెళ్ళిన కాలయాత్రికుడికి రెండు జాతులు ఎదురవుతాయి. నేల మీద పండ్లు తింటూ ఆడుకునే ఎలాయ్‌లు. నేల కింద చీకట్లో యంత్రాల దగ్గర మార్లాక్‌లు. యజమానులూ కార్మికులూ తరతరాలుగా విడిపోయి ఇలా మారారని అతని ఊహ. అప్‌పార్క్‌లో నౌకర్లు తిరిగే సొరంగాలే దీనికి మూలమని కొందరు విమర్శకులు అంటారు. నాకూ సబబుగానే తోస్తుంది. కాని ఈ కథను మనం ఎవరి కళ్ళతో చూస్తున్నాం? కాలయాత్రికుడు ఇంట్లో విందులిచ్చే పెద్దమనిషి. అతని జాలి ఎలాయ్‌ల మీద, మార్లాక్‌లంటే రోత. ఇనుప కడ్డీతో వాళ్ళ తలలు పగలగొడతాడు. నౌకర్ల గదులు ఎరిగిన కుర్రవాడు నేలకింది మనుషులను నరమాంస భక్షకులుగా ఎందుకు చిత్రించాడు? పైవాళ్ళు చేసిన అన్యాయం చివరికి వాళ్ళనే మింగుతుందన్న హెచ్చరిక అందులో ఉన్న మాట నిజమే. అయితే అది సగం జవాబే. మిగతా సగం, నా అభిప్రాయంలో, మళ్ళీ ఆ బట్టల కొట్టుకే పోవలసి వస్తుందేమోనన్న భయం.

ఆరేళ్ళ తర్వాత ‘ది ఫస్ట్ మెన్ ఇన్ ద మూన్’ (1901)లో చూపు మారింది. చంద్రుడి మీద యంత్రాలు నడపవలసిన పిల్లలను జాడీల్లో కుక్కి, చేతులు మాత్రమే పెరిగేటట్టు చేస్తారు. చూసినవాడికి ఒళ్ళు జలదరిస్తుంది. మనుషులను మనుషులుగా పెరగనిచ్చి ఆ తర్వాత యంత్రాలుగా మార్చే మన పద్ధతి ఇంతకన్నా దయ గలదేమీ కాదని కూడా తోస్తుంది. ఇక్కడ రోత శ్రామికుడి మీద కాదు, అతన్ని అలా తయారుచేసిన ఏర్పాటు మీద.

మన రావూరి భరద్వాజ (1927–2013) గారిని పక్కన పెట్టి చూడండి. గుంటూరు జిల్లా తాడికొండలో పెరిగారు. బడి చదువు మధ్యలోనే ఆగింది. పొలాల్లో, ఫ్యాక్టరీల్లో, ప్రెస్సుల్లో పనిచేశారు. పిల్లల కోసం విజ్ఞాన రచనలూ చేశారు. ‘జీవన సమరం’లో కష్టజీవులను చూపడానికి ఆయనకు మధ్యలో పెద్దమనిషి ఎవరూ అవసరం కాలేదు. ఇద్దరిదీ శ్రమ నేపథ్యమే. చూసిన చోటు వేరు.

కాలయాత్రికుడు మార్లాక్‌ల బావిలోకి దిగే ఘట్టం మళ్ళీ చదవండి. వాళ్ళ ఒంటి రంగుకూ, కళ్ళకూ, స్పర్శకూ వాడిన విశేషణాల కింద గీతలు గీయండి. జవాబు ఆ తర్వాత రాయండి.