జెండా వెనక నడక

కియోటోకి సముద్రం ఉందంటే మనవాళ్లు చాలామంది నమ్మరు. కియోటో అనగానే బంగారు రేకుల గుడి, ఎర్రటి తోరణాల వరస, కిమోనోలు అద్దెకిచ్చే కొట్లు గుర్తొస్తాయి. కానీ కియోటో నగరం వేరు, కియోటో ప్రిఫెక్చర్ వేరు. అది ఉత్తరానికి సాగి సాగి జపాన్ సముద్రం దాకా పోతుంది. ఆ చివర ఉన్నది తాంగో ద్వీపకల్పం, నగరం నుంచి వంద కిలోమీటర్ల పైమాటే. రైల్లో అమానోహషిదాతేకి రెండు గంటలు. అక్కడి నుంచి ఇనే అనే పల్లెకి ఊరి బస్సులో ఇంకో గంట. ఆ బస్సు తప్పిపోతే పడిగాపులే. అందుకే పొద్దున్నే ఎక్కించుకుని చీకటి పడేసరికి దింపేసే గైడెడ్ బస్సు టూర్లకి ఈ దారిలో అంత గిరాకీ.

యాత్రల గురించి రాసేవాళ్లకి ఇలాంటి టూర్లంటే చిన్నచూపు. జెండా పట్టుకున్న మనిషి వెనక మందగా నడవడం కూడా యాత్రేనా అంటారు. నాకూ ఆ జెండా మీద పెద్ద మోజు లేదు. అయినా ఈ వారం దాని గురించే రాస్తున్నాను. ఇనే లాంటి ఊరికి మనం ఎలా వెళ్లామన్నది మనకంటే ఆ ఊరివాళ్లకే ఎక్కువ పట్టింపు కనక.

మా గైడు నడివయసు మనిషి. బస్సు కదిలిన కాసేపటికే మైకు అందుకుని ఆ రోజు చూడనివేమిటో ముందుగా చెప్పేసింది. ఫలానా గుడికి వెళ్లం, ఫలానా చోట దిగం, ఎందుకంటే సమయం చాలదు. చూపించబోయేవాటి గురించి ఊరించే గైడుల్ని చాలామందిని చూశాను కానీ, ఎగ్గొట్టేవాటి జాబితా ముందే చదివిన గైడుని ఇక్కడే చూశాను. ఆ తర్వాత బస్సులో ఎవరూ సణగలేదు.

జపాన్‌లో ఈ మైకు వెనక పెద్ద చరిత్రే ఉంది. 1928లో క్యూషూ దీవిలోని బెప్పు అనే వేడినీటి బుగ్గల ఊళ్లో అబురాయా కుమహాచి అనే హోటలాయన టూరు బస్సులు నడుపుతూ వాటిలో ఆడపిల్లల్ని గైడులుగా పెట్టాడు. దేశంలో అదే మొదలంటారు. వాళ్లు బుగ్గల కథల్ని ఏడు, ఐదు అక్షరాల పాదాల్లో, పద్యం చదివినట్టు చెప్పేవారట. జపాన్ కవిత్వానికి అలవాటైన లయ అది. కుదుపుల రోడ్డు మీద, మోటారు రొదలో మాట చెవికెక్కాలంటే లయ కావాలని ఆయనకెవరు చెప్పారో గానీ, బుర్రకథ వినిపెరిగిన మనకి అందులో ఆశ్చర్యపోయేదేం లేదు.

మొదటి మజిలీ చియోన్‌జీ. అమానోహషిదాతే ఇసుకతిన్నె దక్షిణపు కొసన ఉన్న జెన్ బౌద్ధుల గుడి. ఇక్కడ కొలిచేది మోంజుని, అంటే మన మంజుశ్రీ బోధిసత్వుణ్ణి. జ్ఞానానికి అధిపతి కాబట్టి పరీక్షలకి వెళ్లే పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ వచ్చి మొక్కుకుంటారు. ఇక్కడి జాతకపు చీటీ చిన్న విసనకర్ర ఆకారంలో ఉంటుంది. చదువుకున్నాక గుడి ఆవరణలోని పైన్ చెట్ల కొమ్మలకి కట్టేస్తారు. దూరం నుంచి చూస్తే చెట్టుకి విసనకర్రలు కాసినట్టే. గుడి ముందు టీ కొట్లలో ‘జ్ఞానపు మోచి’ అని బియ్యపు ముద్దల మీద తియ్యటి ఎర్రబీన్స్ ముద్ద పెట్టి అమ్ముతారు.

మా బస్సులో రాజమండ్రి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. కొడుకుది టోక్యోలో ఉద్యోగం.

“ఒరే నాన్నా, ఈయన ఏ దేవుడ్రా?” అని అడిగింది.

“చదువుల దేవుడమ్మా.”

“అయితే బాసర అనుకో” అని చెప్పులు విప్పబోయింది. ఇక్కడ విప్పక్కర్లేదని కొడుకు ఆపినా వినలేదు. తర్వాత మనవడి ఇంటర్ పరీక్షల కోసం ఒక విసనకర్ర చీటీ కొని, దాన్ని కొమ్మకి కట్టకుండా భద్రంగా సంచిలో వేసుకుంది. అదృష్టాన్ని చెట్టుకి వదిలేసి రావడమేంటన్నది ఆవిడ వాదన. గైడు నవ్వి, ఇంటికి తీసుకెళ్లినా తప్పేం లేదంది.

ముగ్గురు కూడితే మంజుశ్రీ తెలివి వస్తుందని జపాన్‌వాళ్ల సామెత. నలభై మంది కూడిన టూరు బస్సులో ఎంత రావాలో! బయల్దేరే వేళకి మాత్రం ఎప్పుడూ ఇద్దరు తక్కువే.

గుడి పక్కనే ఒక తిరిగే వంతెన. 1923లో కట్టారు. పడవ వస్తే వంతెన అడ్డంగా తిరిగి దారి ఇస్తుంది. మొదట్లో చేత్తో తిప్పేవారు, 1960 నుంచి మోటారు. వంతెన దాటితే ఇసుకతిన్నె మొదలు. పొడవు 3.6 కిలోమీటర్లు, వెడల్పు కొన్నిచోట్ల ఇరవై మీటర్లే, రెండు పక్కలా సముద్రం, నడుమ వేల పైన్ చెట్లు. మత్సుషిమా, మియాజిమాలతో కలిపి దీన్ని జపాన్ మూడు సుందర దృశ్యాల్లో ఒకటిగా లెక్కేస్తారు. 1643లో హయాషి గహో అనే పండితుడు రాసిన మాట నుంచి ఆ లెక్క నిలిచిపోయింది. అంతకు ముందే, 1500 ప్రాంతాల్లో, సెషూ అనే సన్యాసి చిత్రకారుడు దీన్ని సిరాతో గీశాడు. ఆ బొమ్మ ఇప్పుడు కియోటో జాతీయ మ్యూజియంలో ఉంది. చియోన్‌జీలోని రెండంతస్తుల పగోడా ఆ బొమ్మలోనూ కనిపిస్తుంది, ఇప్పటికీ గుడిలో నిలబడే ఉంది.

ఇంత పేరున్న దృశ్యం తనంతట తాను నిలబడలేదన్న సంగతి నాకు గైడు చెబితేనే తెలిసింది. నదులూ అలలూ ఇసుకని ఈ ఒడ్డు వెంట మోసుకొచ్చి వేల ఏళ్లుగా పోస్తే ఏర్పడిన తిన్నె ఇది. గత శతాబ్దంలో రేవులూ కట్టడాలూ పెరిగి ఇసుక రాక తగ్గింది, తిన్నె కోసుకుపోవడం మొదలైంది. అందుకని నీళ్లలోకి చిన్న చిన్న రాతి గట్లు కట్టారు, 1980ల నుంచి ఒకచోట పేరుకున్న ఇసుకని తెచ్చి ఇంకోచోట పోస్తున్నారు. పైనుంచి చూస్తే ఒడ్డు రంపపు పళ్లలా కనిపించేది ఆ గట్ల వల్లే. చెట్ల కథ ఇంకా విచిత్రం. పూర్వం ఊరివాళ్లు రాలిన పైన్ ఆకుల్ని పొయ్యిలోకి ఏరుకెళ్లేవారు. గ్యాసు వచ్చాక ఏరేవాళ్లు లేరు. నేల సారవంతమైంది. చెట్లు పైకి ఏపుగా పెరిగాయి గానీ వేళ్లు లోతుకి దిగలేదు. 2004 తుపానులో 200కు పైగా కూలిపోయాయి. బీద నేలలో గట్టిగా నిలబడే చెట్టు బలిసిన నేలలో కూలిపోవడం, దాన్ని బతికించడానికి మళ్లీ ఆకులు ఏరి నేలని పేదగా ఉంచడం... ఈ ముక్క ఏ బ్రోషర్‌లోనూ వెయ్యరు.

ఇక తలకిందుల చూపు. కసామత్సు కొండ మీద దానికోసమే ఒక రాతి దిమ్మ కట్టారు. ఎక్కి, వెనక్కి తిరిగి నిలబడి, వంగి, కాళ్ల మధ్య నుంచి తిన్నెని చూడాలి. అలా చూస్తే ఆకాశం కిందికీ సముద్రం పైకీ వెళ్లి, తిన్నె స్వర్గానికి వేసిన వంతెనలా కనిపిస్తుందని నమ్మకం. ఇజనాగి అనే దేవుడు స్వర్గానికి వేసుకున్న నిచ్చెన ఆయన నిద్రపోతుండగా పడిపోయి ఈ తిన్నె అయిందని పాత కథ. ఇదంతా వేడుకే అనుకుంటే పొరపాటు. హిగషియామా అత్సుకి, అదాచి కోహెయి అనే ఇద్దరు పరిశోధకులు కాళ్ల మధ్య నుంచి చూస్తే దూరాలూ పరిమాణాలూ ఎలా మారతాయో కొలిచారు. దూరంలో ఉన్నవి చిన్నగా, దగ్గరగా అనిపిస్తాయి. బొమ్మని తిరగేసి చూపే కళ్లజోడు పెట్టి నిటారుగా నిలబెట్టినా చూశారు. తేడా తెస్తున్నది కంట్లో తిరగబడ్డ బొమ్మ కాదు, వంగిన ఒళ్లని తేలింది. దానికి 2016లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకి ఇచ్చే బహుమతి అది. రాజమండ్రి పెద్దావిడ మాత్రం, “నాకు నడుం నొప్పి, నిలబడే చూస్తా, స్వర్గం ఎటూ పోదు” అంది.

ఆ కొండ మీదే ఇంకా పైన నరియాయ్‌జీ ఉంది. పశ్చిమ జపాన్‌లో కన్నోన్ అనే బోధిసత్వుడి 33 క్షేత్రాల యాత్రలో అది 28వది. మేం వెళ్లలేదు, ఎగ్గొట్టేవాటి జాబితాలో ఉంది. కొండ దిగే కేబుల్ కారులో గైడు దాని కథ చెప్పింది. మంచులో చిక్కుకుని ఆకలితో చావబోతున్న సన్యాసి కన్నోన్‌ని వేడుకుంటాడు. గుమ్మం బయట గాయపడ్డ లేడి కనిపిస్తుంది. వ్రతం చెడినా ప్రాణం నిలుపుకుందామని దాని తొడ మాంసం వండుకు తింటాడు. మంచు కరిగాక ఊరివాళ్లు వచ్చి చూస్తే కుండలో ఉన్నవి చెక్క పేళ్లు, కన్నోన్ విగ్రహం తొడ చెక్కేసి ఉంది. సన్యాసి ఏడ్చి పేళ్లని విగ్రహానికి అతికిస్తే అది మళ్లీ పూర్ణమవుతుంది. కేబుల్ కారు కిందికి చేరేసరికి కథ సరిగ్గా అయిపోయింది. ఎన్నిసార్లు చెబితే అంత కొలతగా వస్తుందో! ఈ వృత్తిలో నేను మెచ్చే నేర్పు ఇదే. గుడికి తీసుకెళ్లలేనప్పుడు కథని నమ్ముకుంది, అందమైన ఫోటో తెరిచి చేతికివ్వలేదు.

ఇనే దగ్గర పడుతుండగా గైడు గొంతు మారింది. మైకులో కథలు ఆగి, నియమాలు మొదలయ్యాయి. అవి మనుషులుండే ఇళ్లు, మ్యూజియం కాదు. రెండు ఇళ్ల మధ్య సందుల్లోకి వెళ్లొద్దు. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన లోపలికి తొంగి చూడొద్దు. రోడ్డుకి ఫుట్‌పాత్ లేదు, ఫోటో కోసం నడిరోడ్డు మీద ఆగొద్దు. చెత్త మీతోనే తీసుకురండి.

ఆ జాగ్రత్త ఎందుకో ఊరు చూస్తే తెలుస్తుంది. మూడు పక్కలా కొండలున్న చిన్న అఖాతం. దాని చుట్టూ సుమారు ఐదు కిలోమీటర్ల మేర 230 దాకా ‘ఫునాయా’లు, అంటే పడవ ఇళ్లు. పునాది నీళ్లలోనే. కింది అంతస్తు నేల సముద్రంలోకి వాలుగా దిగుతుంది, పడవని నేరుగా ఇంట్లోకి లాక్కోవచ్చు. పై అంతస్తులో ఒకప్పుడు వలలు ఆరేసేవారు. సముద్రానికి అంత ఆనుకుని ఇల్లెలా కట్టారంటే దానికి కారణాలున్నాయి. అఖాతం దక్షిణానికి తెరుచుకుని ఉండడంతో ఉత్తరపు శీతగాలులు నేరుగా తగలవు. మూతి దగ్గర అవోషిమా అనే దీవి అలల్ని ఆపుతుంది. పైగా జపాన్ సముద్రంలో పోటుపాట్ల తేడా చాలా తక్కువ, ఇక్కడ ఏడాది పొడవునా అర మీటరు మించదు.

ఫునాయా వెనక రోడ్డు, రోడ్డుకి అటుపక్క అదే కుటుంబం కాపురముండే అసలు ఇల్లు. ఒకప్పుడు ఈ రెంటి మధ్య ఉన్నది వాకిలి. 1930లలో ఆ వాకిళ్లన్నీ కలిపి రోడ్డు వేశారు. అంటే ఇవాళ మనం సెల్ఫీలు తీసుకుంటూ నడిచే రోడ్డు ఒకరి ఇంటి ముంగిలి. చేపల్ని బతికుంచడానికి ఇంటి ముందు నీళ్లలో దింపిన వల బుట్టలు, చేప తలకాయలు ఎరగా వేసి పెట్టే ‘మోందోరి’ బోనులు వాళ్ల వంటగదికి సామాను, మన కెమెరాలకి అలంకారం కాదు. 2005లో ప్రభుత్వం ఈ ఊరిని కాపాడవలసిన సంప్రదాయ కట్టడాల ప్రాంతంగా ప్రకటించింది. మత్స్యకారుల పల్లెల్లో ఆ గుర్తింపు మొదట దీనికే దక్కింది. ఇనే మొత్తం పట్టణంలో ఉండేది రెండు వేల మంది లోపే. సెలవు రోజుల్లో వాళ్ల ఇళ్ల ముందు ఎందరు తిరుగుతారో చూస్తే, జెండా ఎవరి కోసమో అర్థమవుతుంది.

పడవ మీద అఖాతం చుట్టి వచ్చాం. సముద్రపు కాకులకి మేత వేయడానికి రొయ్యల చిప్స్ అమ్ముతారు. గద్దలూ వస్తాయి, వేళ్లు జాగ్రత్త. ఆ తర్వాత కొందరు 1754 నాటి ముకాయి సారాయి కొట్టుకి వెళ్లి ఎర్రబియ్యంతో చేసే గులాబీ రంగు సాకే రుచి చూశారు. దాన్ని రూపొందించింది ఆ ఇంటి ఆడపడుచే. సాకే తయారీ మగవాళ్ల రాజ్యంగా ఉండిన వృత్తి.

ఇక గైడుల సంగతికొస్తే, జపాన్‌లో 1949 నాటి చట్టం ప్రకారం విదేశీ భాషలో డబ్బు తీసుకుని గైడు పని చేయాలంటే ప్రభుత్వ పరీక్ష పాసవ్వాల్సి ఉండేది. భాషతో పాటు చరిత్ర, భూగోళం కూడా చదవాల్సి వచ్చేది. విదేశీ యాత్రికులు పెరిగి గైడులు చాలకపోవడంతో 2018 జనవరి నుంచి ఆ నిబంధన సడలించారు. ఇప్పుడు ఎవరైనా చేయొచ్చు, పరీక్ష పాసైనవాళ్లకి ప్రభుత్వ గుర్తింపున్న గైడు అనే పేరు మాత్రం మిగిలింది. గిరాకీ అలా ఉంది, తప్పుపట్టలేను. కానీ ఇనే లాంటి చోట జనాన్ని ఎక్కడ నిలబెట్టాలో, ఎక్కడి నుంచి మళ్లించాలో తెలియనివాడి చేతిలో జెండా పెడితే నష్టపోయేది టిక్కెట్టు కొన్నవాళ్లు కాదు.

ఈ దారికి వెళ్లదలచినవాళ్లు ధర కంటే ముందు రెండు సంగతులు అడగండి. ఇనేలో బస్సు ఎంతసేపు ఆగుతుంది, గైడు మీతోపాటు బస్సు దిగి నడుస్తారా లేక మైకు పెట్టేసి కూర్చుంటారా. తెల్లవారుజామున వలలు లాగి పడవలు రేవుకి చేరే వేళ చూడాలనుకుంటే మాత్రం ఏ టూరూ పనికిరాదు. కొన్ని ఫునాయాలు బస ఇళ్లుగా మారాయి, గదులు కొద్ది, బాగా ముందుగా రాసి అడగాలి.