తెలుగు హారర్ చిత్రాల విజయం, చేతబడి కథనం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు హారర్ చిత్రాల వ్యాపారవిజయాన్ని సాధారణంగా పెట్టుబడి, వసూళ్లు, సాంకేతికత అనే కొలమానాలతో అంచనా వేస్తుంటారు. ఈ చిత్రాలు నేరాన్ని ఎవరి మీద మోపుతున్నాయన్న ప్రశ్నను ప్రధానంగా తీసుకొని, రామ్ గోపాల్ వర్మ, కోడి రామకృష్ణ, మహి వి. రాఘవ్, అనిల్ విశ్వనాథ్, కార్తీక్ వర్మ దండు రూపొందించిన చిత్రాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు సామాజిక నేపథ్యాన్ని ఈ పరిశీలనకు ఆధారభూమిగా స్వీకరించడం జరిగింది.

కీలకపదాలు: హారర్ సినిమా, చేతబడి, బాణామతి, పొలిమేర, కథనన్యాయం.

1. ఉపోద్ఘాతం:
తెలుగు పల్లెలో భయానికి చిరునామా పొలిమేర. ఊరు ముగిసే చోట, శ్మశానం పక్కన, చింతచెట్టు కింద దెయ్యాల కథలు పుడతాయి. హైదరాబాద్ నగరానికి నేడు అలాంటి పొలిమేర ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం. అవుటర్ రింగ్ రోడ్డు, జీనోమ్ వ్యాలీ పరిశోధనశాలలు, న్యాయ విశ్వవిద్యాలయం, గోడలు కట్టిన ఫామ్‌హౌస్‌లు, హద్దురాళ్లు పాతిన వెంచర్లు ఒకవైపు కనిపిస్తాయి. వాటి మధ్యనే పాత ఊళ్లు, పాత భయాలు కొనసాగుతున్నాయి.

2019 సెప్టెంబరులో శామీర్‌పేట పరిధిలోని అద్రాస్‌పల్లిలో, చేతబడి చేశాడన్న అనుమానంతో ఒక యువకుణ్ణి చంపి, ఒక మహిళ చితి మీదనే కాల్చివేసిన ఘటన పత్రికల్లో ప్రముఖంగా వచ్చింది. ఆ తరువాతి నాలుగేళ్లలో చేతబడి ఇతివృత్తంతో వచ్చిన తెలుగు చిత్రాలు ఘనవిజయం సాధించాయి. ఒకటి మరొకదానికి కారణమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. హత్య ముందు జరిగింది, చిత్రాలు తరువాత వచ్చాయి. అయితే అటువంటి హత్యలు జరిగే నేల మీద ఆ చిత్రాలు చెప్పే కథకు అర్థమేమిటన్నది విమర్శకులు వేసుకోవలసిన ప్రశ్న.

2. విజయానికి దారితీసిన మార్గాలు:

2.1. ఇల్లు, శబ్దం - రామ్ గోపాల్ వర్మ:
‘రాత్రి’ (1992) చిత్రంలో వర్మ భయాన్ని పాడుబడిన కోటల నుంచి మధ్యతరగతి ఇంట్లోకి తెచ్చారు. కొత్తగా అద్దెకు దిగిన ఇల్లు, కారు కింద పడి చచ్చిన పిల్లి, ఇంటి కింది గది అక్కడ భయహేతువులు. మణిశర్మ నేపథ్యసంగీతం, కదిలే కెమెరా కలిసి కనిపించని దాన్ని అనుభవంలోకి తెచ్చాయి. ఈ మార్గానికి వ్యాపారపరంగా గట్టి రుజువు హిందీలో ఆయన తీసిన ‘భూత్’ (2003). పాటలు లేకుండా, ప్రధానంగా ఒక అపార్ట్‌మెంటు చుట్టూ తిరిగే కథతో ఆ చిత్రం విజయవంతమైంది. హారర్‌కు భారీ తారాగణం కంటే శబ్దం మీద పట్టు ముఖ్యమని తరువాతి దర్శకులు నేర్చుకున్న పాఠం ఇదే.

2.2. దేవతాశక్తి, దృశ్యవైభవం - కోడి రామకృష్ణ:
‘అమ్మోరు’ (1995), ‘దేవి’ (1999) చిత్రాలలో గ్రాఫిక్స్‌ను భక్తికథకు జోడించిన కోడి రామకృష్ణ, ‘అరుంధతి’ (2009)లో అదే నైపుణ్యాన్ని హారర్‌కు మళ్లించారు. అనుష్కను అగ్రతారగా నిలబెట్టిన ఈ చిత్రం, కథానాయిక కేంద్రంగా ఉన్న కథ కూడా పెద్ద మార్కెట్‌ను సంపాదించగలదని నిరూపించింది. ఇందులో పశుపతి పాత్రను జాగ్రత్తగా గమనించాలి. అతడు గద్వాల సంస్థానపు అల్లుడు. అధికారం, బలం ఉన్నవాడు. తాంత్రికుడు కాకముందే స్త్రీలపై నేరాలు చేసినవాడు. అంటే ఈ కథలో క్షుద్రశక్తి బలవంతుడి చేతి ఆయుధం. అతడికి పడిన శిక్ష అనుమానం వల్ల పడింది కాదు. అందరి కళ్లెదుట జరిగిన నేరానికి పడింది.

2.3. హాస్యం కలిసిన హారర్:
‘ప్రేమ కథా చిత్రమ్’ (2013), ‘గీతాంజలి’ (2014), ‘రాజు గారి గది’ (2015) విజయాలతో హాస్య హారర్ ఒక స్థిరమైన వ్యాపారసూత్రమైంది. కొద్దిమంది నటులు, ఒకే భవనం, పరిమిత వ్యయం దాని లక్షణాలు. ‘ప్రేమ కథా చిత్రమ్’లో చావాలనుకున్న మిత్రబృందం చేరేది ఒక ఫామ్‌హౌస్‌కు. నగరానికి దూరంగా, ఇరుగుపొరుగు లేని ఈ కట్టడం పాతకాలపు దివాణానికి ఆధునిక ప్రత్యామ్నాయం. మేడ్చల్ దారిలో ప్రయాణించేవారికి ఆ గోడలు, ఆ గేట్లు పరిచయమైనవే.

ఈ ధోరణిలో మహి వి. రాఘవ్ ‘ఆనందో బ్రహ్మ’ (2017) విశిష్టమైనది. మనుషులను చూసి దెయ్యాలే భయపడటం అందులోని చమత్కారం. దాని వెనుక ఉన్న విషయం మాత్రం ఆస్తి. ఇల్లు అమ్మాలి, కొనాలి, కాజేయాలి అనే తగాదాల మధ్య దెయ్యం భయం ధర తగ్గించే సాధనమవుతుంది. భూమి విలువ ఎకరాల నుంచి గజాల లెక్కకు మారిన నగరశివార్లలో ఈ హాస్యం కేవలం హాస్యంగా మిగలదు.

3. చేతబడి ఇతివృత్తం - నవల నుంచి తెర దాకా:
తెలుగు పాఠకులలో క్షుద్రవిద్యకు విస్తృతమైన మార్కెట్ ఉందని మొదట నిరూపించింది యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘తులసిదళం’. ఆ కథాక్రమంలోని ‘తులసి’ ఆధారంగా ‘కాష్మోరా’ (1986) చిత్రం వచ్చింది. రంగనాయకమ్మ ఆ నవలను ‘గంజాయి దమ్ము’గా అభివర్ణిస్తూ తీవ్రంగా విమర్శించారు. వినోదం పేరుతో మూఢనమ్మకానికి గౌరవం కల్పించడం మీదనే ఆమె అభ్యంతరం. ఆ చర్చ నవలతో ముగిసిపోలేదని ఇటీవలి చిత్రాలు గుర్తుచేస్తున్నాయి.

అనిల్ విశ్వనాథ్ ‘మా ఊరి పొలిమేర’ 2021లో నేరుగా ఓటీటీలో విడుదలైంది. అక్కడ లభించిన ఆదరణే రెండవభాగాన్ని 2023 నవంబరులో థియేటర్లకు చేర్చింది. చిన్న చిత్రం ముందుగా ఇళ్లలో ప్రేక్షకులను సంపాదించుకొని, ఆపై టికెట్టు కొనిపించడం కొత్త పరిణామం. అదే ఏడాది ఏప్రిల్‌లో కార్తీక్ వర్మ దండు ‘విరూపాక్ష’, సుకుమార్ స్క్రీన్‌ప్లేతో, సాయి ధరమ్ తేజ్ కథానాయకుడిగా ఘనవిజయం పొందింది. రెండూ పల్లెకథలే. రెండింటిలోనూ అపరాధపరిశోధన హారర్‌ను నడిపిస్తుంది. చేస్తున్నదెవరన్న ప్రశ్న చివరివరకు ప్రేక్షకుణ్ణి కూర్చోబెడుతుంది.

4. కథనన్యాయం - నిందితుడి స్థానం:
ఆ ప్రశ్నకు ఈ చిత్రాలు ఇచ్చే జవాబు దగ్గరే అసలు సమస్య ఉంది. ‘విరూపాక్ష’ 1979లో ఒక దారుణంతో మొదలవుతుంది. పిల్లల మరణాలకు కారకులన్న అనుమానంతో రుద్రవనం ప్రజలు ఒక జంటను సజీవదహనం చేస్తారు. ఆ దృశ్యాన్ని దర్శకుడు భయానకంగా, ఊరు సిగ్గుపడేలా చిత్రించారు. ఇది చిత్రంలోని గొప్ప సన్నివేశం. కానీ పన్నెండేళ్ల తరువాత శాపం ఫలిస్తుంది. ఆ జంట కూతురి చేతిలో క్షుద్రవిద్య నిజంగానే ప్రాణాలు తీస్తుంది. మూకహత్యను ప్రశ్నిస్తూ మొదలైన కథ, మూక నమ్మకమే నిజమని తేల్చి ముగుస్తుంది. బాధితుల సంతానమే ఊరికి ముప్పుగా మారడంతో ఊరి నేరం మరుగునపడుతుంది.

‘పొలిమేర’లో సత్యం రాజేష్ పోషించిన కొమురయ్య ఆటో నడుపుకునే సామాన్యుడు. అతడే చేతబడి చేసేవాడని తెలియడం కథలోని ప్రధానమైన మలుపు. కథనశిల్పంగా అది ప్రభావవంతమే. నటన సహజంగా ఉండటం వల్ల మలుపు మరింత నమ్మదగినదయింది. అయితే పశుపతికి, కొమురయ్యకు ఉన్న తేడాను విస్మరించరాదు. భయానికి మూలం సంస్థానం నుంచి పక్కింటికి దిగివచ్చింది. పక్కింటివాడిని అనుమానించమని చెప్పే కథ, పల్లెలో అనుమానానికి గురయ్యేవారి పరిస్థితిని పట్టించుకోదు. అద్రాస్‌పల్లిలో చితికెక్కిన యువకుడి వంటివారికి తమ నిర్దోషిత్వాన్ని నిరూపించుకునే రెండవభాగం ఉండదు.

సినిమా కల్పన అనీ, ప్రేక్షకుడికి ఆ సంగతి తెలుసుననీ వాదించవచ్చు. అది కొంతవరకు సమంజసమే. రక్తపిశాచి కథను చూసినవారు దాన్ని ఊళ్లో వెతకరు. చేతబడి విషయం వేరు. అది కథకు వెలుపల కూడా ఆరోపణగా బతికే ఉంది. దాని పేరుతో మనుషులు చనిపోతున్నారు. అందువల్ల ఆ కథను చెప్పే దర్శకుడి బాధ్యత సాధారణ హారర్ దర్శకుడి బాధ్యత కంటే అధికం. ఈ విషయంలో నిషేధం పరిష్కారం కాదు. ‘విరూపాక్ష’ తొలి సన్నివేశంలో చూపిన నైతికదృష్టిని ముగింపు దాకా నిలుపుకోవడమే కళాపరమైన పరిష్కారం.

5. ముగింపు:
ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:
1. తెలుగు హారర్ విజయం శబ్దప్రయోగం, పరిమిత స్థలం, హాస్యం, అపరాధపరిశోధన అనే నాలుగు మార్గాలలో విస్తరించింది.
2. ‘అరుంధతి’లో క్షుద్రశక్తి అధికారవంతుడి నేరానికి ప్రతీక కాగా, ‘పొలిమేర’ నాటికి అది సామాన్యుడిపై అనుమానంగా మారింది.
3. ‘ఆనందో బ్రహ్మ’ భయం వెనుక ఉన్న ఆస్తి ప్రయోజనాలను బయటపెట్టింది. ఈ మార్గం ఇంకా పూర్తిగా వినియోగంలోకి రాలేదు.
4. చేతబడి చిత్రాలను అంచనా వేసేటప్పుడు వసూళ్లతో పాటు కథ చివర దోషిగా మిగిలేదెవరన్నది కూడా విమర్శకు ప్రమాణం కావాలి.

మేడ్చల్, శామీర్‌పేట పొలిమేరలు రోజురోజుకూ నగరంలో కలిసిపోతున్నాయి. అక్కడి యువతరం ఈ చిత్రాలను చేతిఫోన్లలోనే చూస్తోంది. అనుమానంతో మొదలయ్యే కథలు వారికి ఇప్పటికే చాలా లభించాయి. అనుమానించిన ఊరే తన తప్పు తెలుసుకునే కథను ఇంతే ఉత్కంఠతో చెప్పగల దర్శకుడి కోసం తెలుగు హారర్ ఎదురుచూస్తోంది.